దుప్పటి అందుకునే మనిషి

గంటన్నను మొదటిసారి వేదిక మీదికి పిలిచినప్పుడు ఆయన భుజాన ఒక కుర్చీ పెట్టుకుని ఎక్కాడు.

పిలిచారంటే ముఖ్య అతిథి పక్కన కుర్చీ చాలలేదేమో అనుకున్నాడు. ఆ బడిలో గంట కొట్టడం, ఆఫీసు గది తాళం తీయడం, ఫైళ్ళు ఈ గదికీ ఆ గదికీ మోయడం, సభలకి కుర్చీలు వేయడం ఆయన ఉద్యోగం. వార్షికోత్సవం రోజు మధ్యాహ్నం నుంచి మూడు వందల కుర్చీలు వేసి, ఇంకా నడుం వాల్చలేదు. మైకులో "గంటన్నా, ఒకసారి పైకి రావాలి" అని వినబడింది. చేతికందిన కుర్చీ ఎత్తుకుని మెట్లెక్కేశాడు. పైన కుర్చీ దింపించారు. మధ్యలో నిలబెట్టారు. పదో తరగతి కుర్రాడొకడు ఆయన చేతుల్లో కొత్త దుప్పటి పెట్టాడు. "మా విద్యార్థి సేవా సంఘం తరఫున ఒక నిరుపేదకు" అంది మైకు. ఫోటో తీశారు. హాలంతా చప్పట్లు కొట్టింది. నేనప్పుడు తొమ్మిదో తరగతి, మూడో వరసలో ఉన్నాను. నేనూ కొట్టాను.

ఆయన తెర వెనక్కి దిగగానే పెద్ద మేడమ్ వచ్చింది. ప్రధానోపాధ్యాయురాలిని అందరూ అలాగే అంటారు. "అది ఇటివ్వు గంటన్నా. అసలాయన రాలేదు, రేపు పంపించాలి," అని దుప్పటి తీసేసుకుంది. నిరుపేద అన్న మాట ఆయనకి ఉండిపోయింది, దుప్పటి ఉండలేదు. కుర్చీ ఎక్కడ దింపారో వెతుక్కుంటూ వెళ్ళాడు.

అన్యాయం గురించి చెప్పేవాడు పూర్తిగా చెప్పాలి. సేవా సంఘం దొంగ సంఘం కాదు. పిల్లలు ఇల్లిల్లూ తిరిగి పోగుచేసిన దుప్పట్లు నిజంగానే ఆసుపత్రికీ, వృద్ధుల ఆశ్రమానికీ వెళ్ళేవి. కాకపోతే వార్షికోత్సవం రోజు పొద్దున్నే వ్యాన్‌లో వెళ్ళిపోయేవి. సాయంత్రం అతిథి ముందు చూపించడానికి ఒక దుప్పటి మిగలాలి, దాన్ని అందుకోవడానికి ఒక మనిషి మిగలాలి. దుప్పటి మిగల్చడం తేలికే. ఆశ్రమం నుంచి ఒక ముసలాయన్ని రప్పిద్దామనుకున్నారు, ఆయనకి ఆ రోజు ఆయాసం ఎక్కువైంది. కార్యక్రమం ఆగకూడదు. ఎదురుగా గంటన్న కనిపించాడు.

మరుసటేడు ఆ ముసలాయన కోసం ఎవరూ కబురు పెట్టలేదు. ఫోటో అంత బాగా వచ్చింది కదా! ఆఫీసు గది ముందు వసారాలో, గంట వేలాడే చోటికి రెండడుగుల దూరంలో, ఆ ఫోటోకి అద్దం కట్టించి తగిలించారు. "నిరుపేదకు విద్యార్థుల చేయూత" అని కింద రాయించారు. రోజూ పొద్దున ఆ అద్దం తుడవాల్సింది గంటన్నే. తుడిచేవాడు. ఏటా ఒక ఫోటో చేరుతూ వచ్చింది. దుప్పటి రంగు మారేది, ఇచ్చే పిల్లలు మారేవారు, నిరుపేద మాత్రం మారేవాడు కాదు. బడికి వచ్చిన పెద్దమనుషులకి ఆ వసారాలోనే టీ ఇచ్చేవారు. అందించేది కూడా ఆయనే. కప్పు అందుకుంటూ ఫోటోల వంకా, కప్పు ఇచ్చినవాడి వంకా ఒకేసారి చూసినవాడు ఒక్కడూ లేడు.

నేను పదో తరగతి గట్టెక్కకుండానే బడి మానేసి, మైక్ సెట్ల షాపులో పనికి కుదిరాను. దొరికిన పుస్తకమల్లా చదివి, ఉన్న కోపానికి తగిన మాటలు పోగుచేసుకున్నాను. ఏటా అదే వేదికకి మైకులు కట్టడానికి వెళ్ళేవాణ్ణి. ఆంప్లిఫయర్ తెర పక్కన పెట్టుకుంటాం కాబట్టి, ముందు వరసకి కనబడనిది నాకు కనబడేది.

గంటన్న ఆరడుగుల మనిషి. నాలుగేసి కుర్చీలు ఒక్కసారే ఎత్తుతాడు. పిలుపు వినగానే చేతులు తుడుచుకుని, చెప్పులు విప్పి మెట్ల దగ్గరికి వచ్చేవాడు. మొదటి మెట్టు మీద ఆరడుగులే. మూడో మెట్టుకి అరడుగు తగ్గేవాడు. వేదిక మధ్యకి చేరేసరికి ఒంటి మీది చొక్కా వదులైపోయి, మెడ సన్నబడి, నాలుగు రోజులుగా ఎవరూ పలకరించని మనిషిలా అయిపోయేవాడు. దుప్పటి అందుకుని, దండం పెట్టి, దిగేవాడు. తెర చాటుకి రాగానే మళ్ళీ ఆరడుగులు. "తమ్ముడూ, ఆ వైరు కాళ్ళకి అడ్డంగా ఉంది. పిల్లలు పడతారు, జరుపు," అనేవాడు.

ఇంకోటి కూడా చూశాను. అక్కడ వణికేది ఆయన కాదు, ఇచ్చే పిల్లలు. లైట్లు కళ్ళల్లో కొడతాయి, ఎదురుగా అమ్మానాన్నలుంటారు, బట్టీపట్టిన నాలుగు వాక్యాలు ఎగిరిపోతాయి. దుప్పటి పట్టుకుని కొయ్యబొమ్మల్లా ఉండిపోతారు. అప్పుడు గంటన్న తల వంచుకునే, పెదాలు కదలకుండా అందించేవాడు. "'మా విద్యార్థులందరి తరఫున' అను బాబూ... ఊఁ, బాగుంది... ఇప్పుడు కుడివైపు తిరుగు... ఫోటో అయింది. ఒకటి, రెండు, వదులు." ఇచ్చేవాడు ఎప్పుడు చెయ్యి వదలాలో పుచ్చుకునేవాడే చెప్పేవాడు. ఆ గుసగుస స్టాండు మైకుకి అందేది. నేను వెంటనే ఆంప్లిఫయర్ మీట కిందికి లాగి అది హాల్లోకి పోకుండా చూసేవాణ్ణి. అది నా పనిలో భాగం.

ఒకసారి అడిగాను. "అంత దీనంగా ఎలా మారిపోతావన్నా?"

"మోకాళ్ళు కాస్త వదిలెయ్యాలి తమ్ముడూ. మిగతాదంతా దానంతటదే వస్తుంది."

"అంతేనా?"

"మెట్లెక్కేటప్పుడు కిందికి చూడాలి. మనింటి మెట్లు మనం చూసుకుని ఎక్కుతామా? పరాయి మెట్లే చూసుకుంటాం."

"ఇవన్నీ ఎవరు నేర్పారు?"

"నేర్పేదెవరు? మొదటేడు ఏం చెయ్యాలో తెలీక నిటారుగా నిలబడ్డాను. ఆ ఫోటో చూడు. పేదవాడిలా ఉన్నానా? కుర్చీ పోగొట్టుకున్నవాడిలా ఉన్నాను."

నాకు నవ్వొచ్చింది. ఒళ్ళు కూడా మండింది. "నీకు రోషం రాదా అన్నా?" అన్నాను. ఆ రోషం నేను పుస్తకాల్లోంచి తెచ్చుకున్నది. ఆయన వైరు చుట్ట చుడుతూ, "మా అమ్మాయికి ఈ బడిలో సీటు కావాలి. అడిగిన రోజున పెద్ద మేడమ్ కాదనకూడదు," అన్నాడు.

కాదనలేదు. ఆ పిల్ల ఎనిమిదో తరగతిలో చేరింది.

చేరిన రోజే తండ్రీ కూతుళ్ళు ఒక మాట అనుకున్నారు. మాట ఆయనదే. "బడిలో నేను నీకు ఎవర్నీ కాను. నువ్వు ఆటస్థలం పక్క గేటులోంచి రా, నేను పెద్ద గేటు దగ్గరుంటాను." ఎందుకని అడిగిందట. తర్వాత వసారాలో ఫోటోలు చూసింది, ఇంక అడగలేదు. "మీ నాన్న ఏం చేస్తారే?" అని స్నేహితులంటే "ఆఫీసులో" అనేది. అబద్ధం కాదు. ఏ ఆఫీసులో అని ఎవరూ అడగలేదు, అంతే.

ఇది బడిలో ఒక్కరికీ తట్టకపోవడం ఎలా సాధ్యమని నాకు చాలా రోజులు వింతగా ఉండేది. రిజిస్టరులో ఆ పిల్ల పేరు పక్కన తండ్రి పేరుంది. జీతాల పుస్తకంలో ఆయన పేరూ ఉంది. రెండూ ఒకే బీరువాలో ఉంటాయి. కానీ ఆ పేరు పెట్టి ఆయన్ని పిలిచినవాళ్ళు లేరు. గంటన్న అంటే గంట ఉన్న మనిషి. ఆయనకి కూతురు కూడా ఉంటుందని ఎవరు అనుకుంటారు? సీటిచ్చిన పెద్ద మేడమే సంతకం పెట్టి మర్చిపోయింది.

ఆ పిల్లది కంచులాంటి గొంతు. తొమ్మిదో తరగతికి వచ్చేసరికి పద్యం అప్పజెప్పాలన్నా, నోటీసు చదవాలన్నా ఆమెనే లేపేవారు. నాటకాల మాస్టారు ఆమెని సేవా సంఘానికి కార్యదర్శిని చేశాడు. ఈయన పిల్లలకి భాష చెబుతాడు, ఏటా వార్షికోత్సవానికి ఒక నాటిక వేయిస్తాడు, దుప్పటి కార్యక్రమం కూడా ఈయన చేతిలోదే. "ఈసారి దుప్పటి నువ్వివ్వాలమ్మా. నాలుగు వాక్యాలు, నీకు మంచినీళ్ళు తాగినంత తేలిక," అన్నాడు.

ఆ సాయంత్రం ఇంట్లో జరిగింది గంటన్న ఒకలా చెప్పాడు, వాళ్ళావిడ ఇంకోలా చెప్పింది. రెండూ కలిపి రాస్తున్నాను. రెండు గదుల ఇల్లు. తల్లి గుమ్మంలో కూర్చుని బట్టల షాపు చొక్కాలకి గుండీలు కుడుతోంది. పిల్ల బూట్లు విప్పకుండానే లోపలికొచ్చింది.

"నాన్నా, దుప్పటి నన్నివ్వమన్నారు."

తల్లి సూది ఆపింది. "భలే ఉంది. ఇంటిల్లిపాదికీ వేషాలు దొరికాయి. నాక్కూడా ఏదైనా ఉంటే చెప్పండి, లేకపోతే కిందే కూర్చుని చప్పట్లు కొడతాను."

"అమ్మా, ఊరుకో."

"కుదరదని చెప్పవే మీ మాస్టారికి. గొంతు పోయిందను."

"గొంతు బాగుందనే కదమ్మా నన్ను పెట్టింది! కుదరదంటే ఎందుకంటారు. ఏం చెప్పను?"

గంటన్న గోడకి ఆనుకుని కూర్చున్నాడు. "నువ్వు ఇయ్యి తల్లీ. నేను ఎక్కను. ఇంకెవరో ఎక్కుతారు. పేదవాళ్ళకి కరువా?"

"ఆ మాట ముందే తట్టుంటే ఏడేళ్ళు కలిసొచ్చేవి," అంది తల్లి.

"నిజంగా ఎక్కవు కదా?" అంది పిల్ల. "ఎవరైనా పర్లేదు నాన్నా, నువ్వు మాత్రం వద్దు. నిరుడు చూశాను. మా క్లాసు పిల్లలు 'భలే పేదగా ఉన్నాడే' అని నవ్వారు." బూట్లు విప్పుకుంటూ, "నేనూ నవ్వాను," అంది.

ఆయన ఆ పిల్ల తల మీద చెయ్యి పెట్టి మాటిచ్చాడు.

మర్నాడే మనిషి కోసం వేట మొదలుపెట్టాడు. ముందు తోటమాలిని అడిగాడు. భుజం దగ్గర చిరిగిన బనీను వేసుకుని, మోకాలి దాకా మట్టితో ఉన్న తోటమాలి పార నేలలో గుచ్చి నిలబడ్డాడు.

"ఏం గంటన్నా, నేనేమైనా అడుక్కునేవాడిలా కనబడుతున్నానా?"

"ఒక్క రెండు నిమిషాలే కదరా."

"రెండు నిమిషాలు ఎక్కి, ఏడాదంతా గోడ మీద వేలాడాలా? మా ఆవిడ ఇంట్లోకి రానివ్వదు. అయినా అది నీ సీటు. నీదగ్గరే ఉంచుకో."

గంటన్న నాతో ఈ సంగతి చెప్పినప్పుడు నవ్వుతూనే చెప్పాడు. కానీ చెప్పింది రెండుసార్లు. "వాడి బనీను చూశావా తమ్ముడూ, దానికి గుడ్డ కంటే కంతలెక్కువ. వాడు కూడా కాదన్నాడు," అని మళ్ళీ మొదలుపెట్టాడు. ఏడేళ్ళుగా తను చేస్తున్నది ఇంకొకడు చెయ్యనంటే ఎలా ఉంటుందో ఆయన అప్పుడే మొదటిసారి చూస్తున్నట్టుంది. తర్వాత నన్నడిగాడు. "గడ్డం పెంచావు, చొక్కా మాసి ఉంది, నీకైతే మోకాళ్ళు వదలక్కర్లేదు కూడా. నువ్వెక్కకూడదూ?"

"మైకు ఎవరు చూస్తారన్నా?" అన్నాను. అది అసలు కారణం కాదు.

ఆఖరికి నాటకాల మాస్టారి దగ్గరికి వెళ్ళి, ఒంట్లో బాగాలేదు, జ్వరమొచ్చేలా ఉంది, ఈ ఏడు వదిలెయ్యమన్నాడు. మాస్టారు ఆయన నుదురు ముట్టుకుని, "రానీ, మంచిదే. ఇంకా సహజంగా ఉంటుంది," అన్నాడు. నిజం చెబితే ఆ పిల్లని మార్చేస్తారు. ఎందుకు మార్చారో సాయంత్రానికి బడంతా తెలుస్తుంది. అమ్మాయికి ఇచ్చిన మాట ఒకవైపు, అమ్మాయి పరువు ఒకవైపు. మధ్యలో మాస్టారి ట్రంకుపెట్టె కనబడింది ఆయనకి. నాటికల సామాను అందులో ఉంటుంది. ముని వేషాల గడ్డాలు మూడున్నాయి.

"గడ్డం పెట్టుకుని ఎక్కుతాను సార్," అన్నాడు.

మాస్టారు పొంగిపోయాడు. "ఇన్నాళ్ళకి పాత్ర గురించి ఆలోచించావు గంటన్నా!"

ఇంట్లో మాత్రం, "ఎవరో ముసలాయన దొరికాడు తల్లీ. గడ్డమాయన. నువ్వు నిశ్చింతగా ఇయ్యి," అని చెప్పాడు.

వార్షికోత్సవం రోజు అన్నీ వరసగా జరిగాయి. స్వాగతం, నివేదిక, చిన్నపిల్లల నృత్యం. నృత్యం అయ్యాక తర్వాతి అంశం దుప్పటి. ఆ పిల్ల మైకు ముందు నిలబడి నాలుగు వాక్యాలు గుక్క తిప్పుకోకుండా చెప్పింది. తెర పక్క నుంచి గంటన్న వచ్చాడు. పొట్ట దాకా తెల్ల గడ్డం, భుజాల దాకా జుట్టు. మాస్టారు ఉత్సాహం పట్టలేక చేతికో కర్ర కూడా ఇచ్చాడు. వంగి, కిందికి చూసుకుంటూ మధ్యకి నడిచాడు. నేను ఎనిమిదేళ్ళలో చూసినవాటిలో అదే గొప్పగా ఉంది. కూతురు కూడా గుర్తుపట్టలేదు. దుప్పటి చాచింది. ఆయన పట్టుకున్నాడు. కెమెరా మెరిసింది.

అప్పుడు అలవాటు కొద్దీ గుసగుసలాడాడు. "ఒకటి, రెండు, వదులు తల్లీ."

వేరే పిల్లలైతే బాబూ అనో అమ్మా అనో అంటాడు. తల్లీ అని ఇంట్లోనే అంటాడు.

నేను మీట తగ్గించాలి. నా వేలు దాని మీదే ఉంది. ఆ పిల్ల మొహం చూశాను. ఇప్పుడు ఏమంటుంది అన్న కుతూహలం నన్ను పట్టేసింది. మీట పైకి తోశాను.

"నాన్నా?" అంది హాలంతా. "నువ్వా?"

"వదులు తల్లీ. ఫోటో అయిపోయింది."

"రానన్నావు కదా! మాటిచ్చావు కదా!"

"తర్వాత మాట్లాడుకుందాం. అందరూ చూస్తున్నారు."

"నేను వదలను. ఇది నీకెందుకు? మనింట్లో దుప్పట్లు లేవా?"

"లాగకు, గడ్డం ఊడిపోతోంది."

"ఊడనీ!"

ఊడింది. సగం ఊడి ఒక చెవికి వేలాడింది. ఇద్దరూ దుప్పటి చెరో అంచూ పట్టుకుని నిలబడ్డారు. తర్వాత వెనక వరసలో ఎవరో నవ్వారు, ముందు వరసలో ఎవరో ముక్కు చీదారు, ఒక్కసారిగా చప్పట్లు మొదలయ్యాయి. ఆగలేదు. నాకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. కర్ర, గడ్డం, నృత్యం తర్వాతి అంశం. అందరూ దాన్ని నాటిక అనుకున్నారు.

ముఖ్య అతిథి లేచి నిలబడ్డాడు. కళ్ళు తుడుచుకుంటూ, పేదరికం గురించి ఇంత సహజమైన సంభాషణలు ఈ మధ్య వినలేదన్నాడు. ఆ పిల్లకి ఉత్తమ నటి బహుమతి ప్రకటించాడు. రచయిత ఎవరని అడిగాడు. నాటకాల మాస్టారు ఒక్క క్షణం తడబడి, "ఏదో చిన్న ప్రయత్నమండీ," అని దండం పెట్టాడు.

తెర వెనక ఆడపిల్లలు ఆమెని చుట్టుముట్టారు. "ఎంత బాగా ఏడ్చావే! మాకు చెప్పనేలేదు. ఆ 'ఊడనీ' అనేది కూడా స్క్రిప్టులో ఉందా?" ఆ పిల్ల తండ్రి వంక చూసింది. గంటన్న గడ్డం చేతిలో పట్టుకుని, పరాయి పిల్లతో మాట్లాడినట్టు, "బాగా చేశావమ్మా. అంతా మాస్టారి చలవ," అన్నాడు. కుర్చీలు తీయడానికి వెళ్ళిపోయాడు.

అంటే ఆయన అనుకున్నది నెరవేరింది. ఎవరికీ తెలియలేదు. ఆ పిల్ల ఇప్పుడు గంట కొట్టేవాడి కూతురు కాదు, బడిలోకెల్లా గొప్ప నటి. నోరు మూసుకుని ఉంటే చాలు, ఎప్పటికీ అలాగే ఉండొచ్చు. ఉంటుందా లేదా అని నేను చాలా ఆలోచించాను. నేనైతే ఉండేవాణ్ణి. తోటమాలి లాగే నేనూ వేదిక ఎక్కనన్నవాణ్ణి కదా.

రెండు వారాలకి మాస్టారు నన్ను పిలిపించాడు. బడుల మధ్య పోటీలకి ఆ నాటిక పంపుతున్నామనీ, సాధనకి స్పీకరు కావాలనీ అన్నాడు. గొంతు తగ్గించి, "ఆ రోజు రికార్డయిందా? సంభాషణలు ఒకసారి వినాలి," అన్నాడు. తను రాసినవి తనకే గుర్తులేవు పాపం. రికార్డింగ్ ఇచ్చాను.

సాధన రోజు తరగతి గదిలో బల్లలు గోడకి జరిపారు. సేవా సంఘం పిల్లలు పదిమంది దాకా చుట్టూ కూర్చున్నారు. నేను మూల స్పీకరు పెట్టుకుని ఉన్నాను. గంటన్న గడ్డం కట్టుకుని వచ్చి నిలబడ్డాడు. ఆ పిల్ల చేతిలో కాగితం ఉంది. మాస్టారు శుభ్రంగా రాసిచ్చాడు, 'ఊడనీ' తీసేసి ఇంకో మంచి మాట పెట్టాడు.

"నాన్నా, నువ్వా," అని చదివింది.

"అలా కాదమ్మా. ఆ రోజు ఎలా అన్నావు! ఏదీ, కళ్ళు మూసుకో. ఎదురుగా ఉన్నాయన నిజంగా మీ నాన్నే అనుకో."

ఆ పిల్ల కళ్ళు మూసుకోలేదు. "అనుకోవడమేంటి సార్," అంది. "మా నాన్నే."

"ఆఁ, అదే భావం. ఇప్పుడు అను."

"భావం కాదు సార్. ఈయన మా నాన్న. మా అమ్మ గుండీలు కుడుతుంది. ఆ రోజు నేనేం నటించలేదు."

స్పీకరు గుయ్యిమనడం ఒక్కటే వినబడింది. గంటన్న గబగబా ముందుకొచ్చాడు. "పాత్రలో లీనమైపోయింది సార్. చిన్నపిల్ల..."

"నాన్నా, నువ్వు ఊరుకో," అంది. ఇంట్లో అన్నట్టే అంది. ఆ గొంతు విన్నాక ఇంకే రుజువూ అక్కర్లేకపోయింది.

మాస్టారు ఆమెనీ, ఆయన్నీ, చేతిలోని కాగితాన్నీ మార్చి మార్చి చూశాడు. ఆ కాగితం మీద 'రచన' అని రాసి కింద మాస్టారి పేరుంది. నెమ్మదిగా నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. నేను పిల్లల మొహాలు చూశాను. వెక్కిరింపు మొదలవుతుందని కాచుకుని ఉన్నాను, కోప్పడడానికి సిద్ధంగా కూడా ఉన్నాను. నిరుడు నవ్విన పిల్లలు వాళ్ళే. ఒకమ్మాయి మోకాళ్ళ మీద ముందుకి జరిగి, "అయితే ఆ రోజు నీకు గడ్డం సంగతి నిజంగా తెలీదా?" అని అడిగింది.

"తెలీదు."

"అయ్యో! మరి ఎలా కనిపెట్టావే?"

వాళ్ళకి కావలసింది అదే. నా కోపం నా దగ్గరే ఉండిపోయింది.

అంత సులువుగా ఏమీ పోలేదు. రెండు మూడు రోజులు కొందరు పిల్లలు ఆమె పక్కన కూర్చోలేదు. ఒకడు నల్లబల్ల మీద గంట బొమ్మ వేశాడు. పెద్ద మేడమ్ బీరువా తీయించి రిజిస్టరూ జీతాల పుస్తకమూ పక్కపక్కన పెట్టి చూసుకుంది. గంటన్నని పిలిచి, "నాకెందుకు చెప్పలేదు?" అని కసిరింది. "మీరే సంతకం పెట్టారు మేడమ్," అన్నాడాయన. ఆ వారంలోనే వసారాలో ఫోటోలు తీయించేసింది. తీసినచోట గోడ తెల్లగా బయటపడితే పరీక్షల టైంటేబులు అంటించారు. మరుసటి వార్షికోత్సవానికి దుప్పట్లు వేదిక మీద గుట్టగా పేర్చి, గుట్ట పక్కన అతిథిని నిలబెట్టి ఫోటో తీశారు. గుట్టకి గుసగుసలాడాల్సిన పని లేదు, నాకు మీట తగ్గించాల్సిన పనీ లేదు.

ఆ రోజు మీట పైకి తోసిన విషయం మాత్రం నన్ను పీకుతూ ఉండేది. ఆ సభ అయి సామాను వ్యాన్‌కి ఎక్కించాక చెప్పేశాను. "అన్నా, ఆ రోజు మీ మాటలు హాల్లోకి పోకుండా ఆపగలిగేవాణ్ణి. కావాలనే పెంచాను."

గంటన్న కుర్చీలు పేరుస్తూ ఆగాడు. "ఎందుకు తమ్ముడూ?"

"ఏం జరుగుతుందో చూద్దామని."

తిడతాడనుకున్నాను. ఆయన చేతిలో కుర్చీ దింపి, "నాకూ అలాగే అనిపించిందిలే, అది వదలనన్నప్పుడు. తర్వాత ఏమంటుందా అని," అన్నాడు. మళ్ళీ కుర్చీలు ఎత్తాడు.

నేను ఆ షాపు మానేసి ఇంకోచోటికి వెళ్ళాల్సి వచ్చింది. ఆయన్ని కలవడం అదే ఆఖరు. వ్యాన్ బయల్దేరుతుంటే అడిగాను. "మీ అమ్మాయి ఎలా ఉందన్నా?"

"దానికేం, బాగానే ఉంది. నిన్న వసారాలో ఎవరో పెద్దమనుషులకి టీ ఇస్తున్నాను. అది అటుగా పోతూ, 'నాన్నా, చొక్కా గుండీలు ఎగుడుదిగుడుగా పెట్టుకున్నావు చూడు' అని అంతమందిలోనూ అరిచింది. అక్కడితో ఆగిందా, దగ్గరికొచ్చి విప్పి మళ్ళీ పెట్టింది. వాళ్ళంతా చూస్తూనే ఉన్నారు. దానికేం సిగ్గులేదు తమ్ముడూ. నాకే, ఇంకా అలవాటు కాలేదు."